పగడపు దిబ్బలపై బోర్లించే ఆక్సిజన్ గుమ్మటం: కొన్నేళ్ల వాడకం తరువాత

లక్షద్వీపాలలోని ఒక లగూన్‌లో మేము కొన్నేళ్లుగా వాడుతున్న ఈ పరికరం పారదర్శకమైన ఆక్రిలిక్ గుమ్మటం. లోపల నీటిని కలియబెట్టే చిన్న పంపు, ఆక్సిజన్ ఆప్టోడ్ (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కాంతి సాయంతో కొలిచే సెన్సర్), ఉష్ణోగ్రత, కాంతి సెన్సర్లు ఉంటాయి. దీనిని సముద్రపు అడుగున బోర్లించి, వెలుగులో ఆక్సిజన్ ఎంత పెరిగిందో, నల్ల గుడ్డ కప్పాక ఎంత తగ్గిందో చూస్తే, ఆ కాస్త చోటనున్న పగడాలు, నాచు, ఇసుకలోని సూక్ష్మజీవులు కలిసి జరిపే కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల లెక్క తేలుతుంది. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న మన దేశంలో, ఒక్క కొమ్మ విరవకుండా కొలవగలగడం చిన్న సౌలభ్యం కాదు.

ఆప్టోడ్‌పై నాకు ఫిర్యాదు లేదు. ఇదే పనికి వాడే పాత విద్యుత్ రసాయన సెన్సర్ క్లార్క్ ఎలక్ట్రోడ్ తాను కొలిచే ఆక్సిజన్‌నే కొంత ఖర్చు చేసేది. దీనికి ఆ గుణం లేదు. అయితే లవణీయతను ఇది స్వయంగా గ్రహించదు కనుక, మంచినీటి అమరికలోనే వదిలేస్తే, 28 డిగ్రీల వద్ద ఆక్సిజన్‌తో సంతృప్తమైన సముద్రజలంలో లీటరుకు సుమారు 6.4 మిల్లీగ్రాములు చూపవలసినది 7.8 చూపుతుంది.

అసలు తంటా అంచు దగ్గర. ఎగుడుదిగుడు దిబ్బపై రబ్బరు అంచును ఎన్ని ఇసుక సంచులతో అదిమినా, అలలున్న రోజున లోపలి నీరు బయటికి జారుతూనే ఉంటుంది. అందుకే ప్రతిసారీ కొద్దిగా ఫ్లోరోసీన్ రంగు ఎక్కించి, అది పలుచబడే తీరును బట్టి లోపలి నీటి పరిమాణాన్నీ కారుడునూ అంచనా వేస్తాము. తయారీదారు ఇచ్చిన ఘనపరిమాణం చదునైన ఇసుక నేలకే సరిపోతుంది. మధ్యాహ్నపు ఎండలో లోపలి నీరు వేడెక్కి, పైకప్పు కింద బుడగలు పడతాయి. వాటిలోకి పోయిన ఆక్సిజన్ సెన్సర్‌కు అందదు కాబట్టి గంటకు మించి మూసి ఉంచము. పట్టపగలు గుడ్డ కప్పి కొలిచిన శ్వాసక్రియను రాత్రికి అంటగట్టడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే వెలుగు ఆగిన వెంటనే అది సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. రాత్రి నీటిలోకి దిగే ఓపిక లేనివారు 24 గంటల లెక్క ప్రకటించకపోవడమే మేలు.

ఆక్సిజన్ ఒక్కటే చూసి దిబ్బ బాగుందనుకోవడం మరింత ప్రమాదకరం. బ్లీచింగ్‌లో (వేడికి పగడం తనలోని నాచును కోల్పోయి తెల్లబడడం) పగడం చచ్చి నాచు కమ్మిన రాయి కూడా ఆక్సిజన్‌ను దండిగానే ఇస్తుంది. తేడా బయటపడేది పగడం కట్టే సున్నపు (కాల్షియం కార్బొనేట్) లెక్కలోనే. ఒక మోల్ కాల్షియం కార్బొనేట్ ఏర్పడితే నీటి మొత్తం క్షారత్వం (ఆమ్లాన్ని తటస్థీకరించే శక్తి) రెండు మోళ్లు తగ్గుతుంది కనుక, మూతకు ముందూ తరువాతా నీటి నమూనాలు తీయడానికి సిరంజి రంధ్రం లేని గుమ్మటాన్ని కొనవద్దు. దిబ్బపై పక్కపక్కనున్న చిన్న చోట్లను పోల్చడానికి ఈ గుమ్మటం చక్కగా పనిచేస్తుంది. దిబ్బ మొత్తం లెక్క కావాలంటే, 1954లో పర్యావరణ శాస్త్రవేత్తలైన ఓడమ్ సోదరులు పసిఫిక్‌లోని ఎనివెటాక్ పగడపు దీవిలో చేసినట్టు, ప్రవాహానికి ఎగువన, దిగువన నీటిని కొలవడమే దారి.