డార్బీ బేడీలు: అసలుదా, పోత నకిలీనా?

నల్గొండలోనో పాలమూరులోనో పాతసామాన్ల దుకాణంలో డార్బీ అనే పాతకాలపు ఇంగ్లిష్ మరతాళం చేతిబేడీ కనబడితే ముందు తాళంచెవి అడగండి. గుట్టు అక్కడే ఉంటుంది. అసలుదాంట్లో చెవి మరచుట్లు లోపలి గడియకు సాఫీగా ఎక్కి, స్ప్రింగును నొక్కుతూ దాన్ని వెనక్కి లాగుతాయి. నాసిరకం నకిలీది గరుకుగా తిరిగి మధ్యలో బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే మర అరిగి బేడీ తెరుచుకోదు. చేతికి మాత్రం వేసుకోకండి.

పాత డార్బీ సాధారణంగా కొలిమిలో సాగగొట్టింది. ఇసుక అచ్చులో పోసిన నకిలీకి అంచు వెంట అతుకు గీత, పైన సన్నని గుంటలు ఉంటాయి.

వయసు చిలుము ముదురు గోధుమ రంగు, గట్టిగా పట్టి ఉంటుంది. గొలుసు రాసుకునే చోట లోహం నున్నగా అరుగుతుంది. ఆమ్లంతో తెప్పించింది అంతటా ఒకే నారింజ పొడి, గుడ్డకు అంటుతుంది.

1780 నాటి బర్మింగ్‌హామ్ కంపెనీ 'హయాట్' ముద్ర ఒక్కటే చూసి కొనొద్దు, అది కొట్టడం తేలిక.