చవక రిబ్బన్ మైక్ మూగబోతే: మనమే విప్పడమా, పంపించడమా, కొత్తది కొనడమా?

వయొలిన్, వీణ, సన్నాయి లాంటి వాద్యాలను ఇంట్లో రికార్డ్ చేసేవాళ్ళకి రిబ్బన్ మైక్ ఒకసారి అలవాటైతే వదలబుద్ధి కాదు. చవక కండెన్సర్ మైకుల్లో కమాను రాపిడి చెవికి గుచ్చుకుంటుంది. రిబ్బన్‌లో అదే వాద్యం ఎదురుగా కూర్చుని విన్నట్టు మెత్తగా వస్తుంది. చిక్కల్లా ఆ మైకు పాడైనప్పుడే. విశాఖలో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ రిబ్బన్ మైక్ విప్పి చూసినవాళ్ళు దొరకడం కష్టం. కాబట్టి మనమే విప్పుకోవాలి, లేదా తెలిసినవాళ్ళకి ఎక్కడికో పార్సిల్ చేయాలి, అదీ కాదంటే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి కొనాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. పోయింది రిబ్బన్ ఒక్కటే అయితే మనం చేసుకోవడమే మేలు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఆ మైకు మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. పార్సిల్ మాట వారంటీ ఉంటేనే. ఏది పోయిందో తేల్చుకోకుండా ఈ మూడింట్లో దేన్ని ఎంచుకున్నా డబ్బు దండగ.

లోపల ఉండేది చాలా తక్కువ. రెండు అయస్కాంతాల మధ్య సన్నటి సందు, ఆ సందులో ముడతలు పెట్టిన అల్యూమినియం రేకు (రిబ్బన్ అంటే ఇదే), కింద చిన్న ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి కేబుల్ పెట్టే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్. ఆ సాకెట్ తప్పిస్తే 1930ల నాటి రిబ్బన్ మైక్ ఆర్‌సీఏ 44లోనూ ఇదే ఏర్పాటు. మంచి మైకుల్లో రేకు మందం రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దరిదాపుల్లో ఉంటుంది. దాని నిరోధం ఒక ఓం కూడా ఉండదు. అందులో పుట్టే వోల్టేజ్ అతి స్వల్పం. దాన్ని ముప్పై రెట్లకు పైగా పెంచి బయటికి పంపడమే ట్రాన్స్‌ఫార్మర్ పని.

ఇంత పెంచినా శబ్దం చిన్నగానే వస్తుంది. పాడైందనుకునే మైకుల్లో కొన్ని అసలు పాడవ్వవు, మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌లో గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే శక్తి, చాలదంతే. మెల్లగా వాయించే వాద్యానికి 60, 70 డెసిబెల్స్ గెయిన్ కావాలి. చవక ఇంటర్‌ఫేసుల్లో కొన్ని 50 దగ్గరే ఆగిపోతాయి. మధ్యలో క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటి బూస్టర్ పెడితే సుమారు 25 డెసిబెల్స్ కలుస్తాయి. పైగా అది ఇంటర్‌ఫేస్ కేబుల్ గుండా పంపే 48 వోల్టుల కరెంటుని, అంటే ఫాంటమ్‌ని, తను వాడుకుని మైకు దాకా పోనివ్వదు.

నిజంగానే పాడైతే ముందు కేబుల్ మార్చి చూడండి. కేబుల్ బాగుంటే ఫాంటమ్ రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ సమానంగా చేరుతుంది కాబట్టి రిబ్బన్‌కి ప్రమాదం లేదు. ఆ రెండింట్లో ఒకటి తెగినా, నేలకి తగిలినా కరెంటు ఒక్కసారిగా ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోయి రేకుని లాగేస్తుంది. అలాంటి కేబుల్‌ని పారేశాకే మైకు సంగతి చూడాలి.

తర్వాత మైకుని ఇంటర్‌ఫేస్‌కి పెట్టి, హెడ్‌ఫోన్లో వింటూ, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన పాత రకం పవర్ అడాప్టర్‌ని మైకు కింది భాగానికి దగ్గరగా తీసుకురండి. హమ్ (గుయ్ మనే మోత) వినబడుతూ మాట మాత్రం వినబడకపోతే ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (సాకెట్ వైపు చుట్ట), సాకెట్, కేబుల్ బతికే ఉన్నాయి. అప్పుడు అనుమానం రిబ్బన్ మీదకి పోవాలి. హమ్ కూడా లేకపోతే మల్టీమీటర్‌తో రెండు, మూడు పిన్నుల మధ్య చూడండి. కొన్ని పదుల ఓంలు చూపిస్తే సెకండరీ చుట్ట తెగలేదని అర్థం. ఏమీ చూపించకపోతే చుట్టైనా తెగి ఉండాలి, టంకమైనా ఊడి ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఓంలు కనిపించాయి కాబట్టి రిబ్బన్ కూడా బాగానే ఉందనుకుంటారు. రేకు ఉండేది ప్రైమరీ అనే అవతలి చుట్ట వైపు. దాని సంగతి ఈ రీడింగ్‌లో తెలియదు. పలుకుతున్న మైకుకైతే మీటర్ పెట్టనేవద్దు, ఆ కాస్త కరెంటుకే రేకు ఎగిరిపడుతుంది.

రేకుని కళ్ళతో చూడటమే నమ్మకం. గ్రిల్ తీసి వెనక నుంచి టార్చి వేస్తే రేకుకి రెండు పక్కలా సన్నటి వెలుగు గీత సమానంగా కనబడాలి. ఒక పక్క గీత మాయమైతే రేకు అయస్కాంతాన్ని రాసుకుంటోందన్నమాట. మధ్యలో పొట్ట వచ్చి ఉంటే సాగిపోయింది, బేస్ వదులుగా డబడబలాడుతుంది.

ఎంవీపీ కాలనీలో ఒక వయొలిన్ టీచర్ గారిని రికార్డ్ చేస్తున్నప్పుడు ఆవిడే మధ్యలో ఆపి, "నా వయొలిన్‌లో ఈ గరగర లేదు నాయనా, నీ మైకులోనే ఏదో ఉంది చూసుకో" అన్నారు. టార్చి వేసి చూస్తే రేకుకీ అయస్కాంతానికీ మధ్య నల్లటి రేణువొకటి ఇరుక్కుని ఉంది. మన ఊళ్ళో దీనికి కారణం దూరం వెళ్ళి వెతకక్కర్లేదు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఇసుకలో కనబడే నల్లటి చారల్లో ఇల్మనైట్, మాగ్నటైట్ అనే ఇనుమున్న ఖనిజాలు ఉంటాయి. చిన్న అయస్కాంతాన్ని ఆ ఇసుకలో తిప్పి తీస్తే దానికి నల్లటి మీసాలు మొలుస్తాయి. పోర్టు వైపు ఇళ్ళలోకైతే ఇనుప ఖనిజం ధూళి కూడా వస్తుంది. అందుకే ఒక విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. చవక మైకుల్లో గ్రిల్ లోపలి సన్నటి జాలీ తీసేస్తే పై స్థాయి శబ్దాలు తేటగా వస్తాయని చాలామంది తీసేస్తుంటారు. ఆ మాట నిజమే. అయినా విశాఖలో మాత్రం దాన్ని ఉంచేయండి.

ఇక మనమే రేకు మార్చడం. కావలసింది రెండున్నర మైక్రాన్ల అల్యూమినియం రేకు. ఈ పని కోసమే అమ్మేవాళ్ళ దగ్గర ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వంటింటి ఫాయిల్ దానికి నాలుగైదు రెట్లు మందం. దాంతో మైకు పలుకుతుంది గానీ శబ్దం తగ్గి, పై స్థాయిలు మొద్దుబారతాయి. స్వీట్ల మీద అద్దే వెండి వరక్ పనికొస్తుందా అని అడుగుతుంటారు. పనికిరాదు. ముట్టుకుంటేనే చిరుగుతుంది, పైగా వెండి అల్యూమినియం కంటే దాదాపు నాలుగు రెట్లు బరువు.

రేకుని రెండు ట్రేసింగ్ పేపర్ల మధ్య పెట్టి, కొత్త బ్లేడుతో ఒకే కోతలో కత్తిరించాలి. వెడల్పు అయస్కాంతాల మధ్య సందు కంటే వెంట్రుకవాసి తక్కువ ఉండాలి. తర్వాత అదే కాగితాల మధ్య ఉంచి రెండు ప్లాస్టిక్ గేర్ల నడుమ నడిపిస్తే ముడతలు పడతాయి. దీనికి ముందు, సందు ఖాళీగా ఉండగానే, సెల్లోటేపు జిగురు వైపుతో అయస్కాంతాల అంచుల్ని అద్ది రేణువులన్నీ తీసేయండి. అల్యూమినియానికి మామూలు టంకం అంటదు కాబట్టి రేకుని రెండు చివరలా బిగించేది బిళ్ళలూ స్క్రూలే. మన ఉప్పుగాలికి ఆ బిళ్ళల మీద చిలుము పట్టి శబ్దం వస్తూ పోతూ ఉంటుంది, వాటిని గీకి శుభ్రం చేయాలి. స్టీలు స్క్రూడ్రైవర్‌ని అయస్కాంతం లాక్కుని రేకుని చింపేస్తుంది. ఇత్తడిదో, అయస్కాంతం పట్టనిదో వాడండి. ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి. బిగువు ఎక్కువైతే బేస్ పోతుంది, తక్కువైతే రేకు వేలాడుతుంది. మైకుని అడ్డంగా పట్టుకున్నప్పుడు కొద్దిగా మాత్రమే వంగితే సరిపోయినట్టే. మొదటి ఒకటి రెండు రేకులు చిరుగుతాయి. ఒక షీటులో చాలా ముక్కలు వస్తాయి కాబట్టి కంగారు పడక్కర్లేదు. ఖరీదైన మైకు మీద ఈ సాహసం చేయమనను. చవకది మాత్రం చేయి తిరగడానికి సరైనది.

పంపించడంలో లాభం ఒకటే. అనుభవం ఉన్నవాళ్ళు బిగువుని కొలిచి మరీ పెడతారు. కానీ చవక మైకుకి రానూపోనూ పార్సిల్ ఖర్చు, వాళ్ళ కూలీ కలిపితే మైకు ధరకి దగ్గరగా వచ్చేస్తుంది. అంతకంటే పెద్ద భయం దారిలో ఉంది. రిబ్బన్ మైక్ నిలువుగా ఉండాలి. కొరియర్ పెట్టెలో పడుకోబెట్టి, ఎత్తి పడేస్తే కొత్త రేకు కూడా సాగిపోయి ఇంటికి చేరుతుంది. వారంటీ ఉన్న మైకునైతే విప్పకుండా పంపండి, విప్పితే ఆ హక్కు కూడా పోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ పోతే లెక్క మారిపోతుంది. స్వీడన్ లుండాల్ లాంటి మంచి ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించుకుంటే దాని ధర, షిప్పింగ్, సుంకం కలిసి చవక మైకు ధరని దాటినా దాటొచ్చు. అప్పుడు కొత్తది కొనడమే నయం. కొనేముందు మీ గది చూసుకోండి. రిబ్బన్ ముందూ వెనకా సమానంగా వింటుంది, ఫ్యాన్ గాలికి కొట్టుకుంటుంది. ఎక్కువగా ఫ్యాన్ కింద గొంతే రికార్డ్ చేసేవాళ్ళకి షూర్ ఎస్‌ఎం 57 లాంటి డైనమిక్ మైక్ మేలు. తీగ వాద్యాలైతే మళ్ళీ రిబ్బనే తీసుకోండి. వాడనప్పుడు దాని మీద గుడ్డ సంచి తొడిగి, సిలికా జెల్ పొట్లంతో నిలువుగా పెట్టండి. పాత మైకుని పారేయకుండా ఉంచుకుంటే అందులోని అయస్కాంతాల చట్రం రేకు కత్తిరించడం, బిగించడం సాధన చేయడానికి పనికొస్తుంది.