రస్ట్ డాక్‌టెస్టులు: ఇన్నేళ్లు వాడాక

రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో నీకు నచ్చిందేంటి అని ఎవరైనా అడిగితే మెమరీ సేఫ్టీ గురించి మొదలుపెట్టను. కోడ్ పక్కనే వివరణగా రాసే డాక్ కామెంట్‌లోని ఉదాహరణను, రస్ట్ బిల్డ్ టూల్ కార్గోలోని 'కార్గో టెస్ట్' కమాండ్ నిజంగానే కంపైల్ చేసి, నడిపి చూస్తుంది; వీటినే డాక్‌టెస్టులంటారు. ఆ ఒక్కటీ చాలు నాకు. మా వర్క్‌స్పేస్‌లో పది పన్నెండు క్రేట్లు (రస్ట్ ప్యాకేజీలు) ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. వాటికొచ్చే పుల్ రిక్వెస్టుల్లో (కోడ్ మార్పు ప్రతిపాదనల్లో) డాక్యుమెంటేషన్, బిల్డ్ మార్పులు చూసేది ఎక్కువగా నేనే. ఫంక్షన్ మారి దాని ఉదాహరణ మారకపోతే నా కన్నా ముందే సీఐ (ప్రతి మార్పుకీ బిల్డ్, టెస్టులు తనంతట తానే నడిపే వ్యవస్థ) పట్టేస్తుంది. అంతకుముందు సీ ప్లస్ ప్లస్‌లో డాక్సిజన్ అనే టూల్ తయారుచేసే డాక్యుమెంటేషన్ పేజీలతో ఇదే పని కళ్లతో చేసేవాళ్లం. ఉదాహరణ పాతబడిందన్న సంగతి ఎవరో కాపీ చేసుకుని తిట్టుకున్నాకే తెలిసేది.

ఆమధ్య పక్క టీం నుంచి ఒకాయన మెసేజ్ పెట్టారు: "మీ పేజీలో ఉన్నది ఉన్నట్టు పేస్ట్ చేశానండీ, ఎర్రర్ వస్తోంది." చూస్తే ఈ0061 అనే కంపైలర్ ఎర్రర్. ఫంక్షన్‌కి రెండు ఆర్గ్యుమెంట్లు కావాలి, ఉదాహరణ ఒకటే ఇస్తోంది. డాక్‌టెస్ట్ నడిచి ఉంటే ఇది మెర్జ్ అయ్యే ప్రసక్తే లేదు. సీఐలో మాత్రం అన్నీ పచ్చ టిక్కులే.

లాగ్ తెరిచి పైనుంచి కిందిదాకా చదివాను. యూనిట్ టెస్టులున్నాయి, ఇంటిగ్రేషన్ టెస్టులున్నాయి. చివర్లో క్రేట్ పేరుతో వచ్చే 'డాక్-టెస్ట్స్' లైను లేదు. పాత రన్‌లు ఒక్కొక్కటే వెనక్కి చూసుకుంటూ పోతే ఒకచోట మళ్లీ కనబడింది. ఆ తర్వాతి రన్‌కి సీఐ ఫైల్లో మారింది ఒకే లైను: కార్గో టెస్ట్ పక్కన ఆల్-టార్గెట్స్ ఫ్లాగ్ చేరింది. బెంచ్‌మార్కులు కూడా కంపైల్ అవ్వాలని మంచి ఉద్దేశంతోనే చేర్చారు, ఆ పేరు చూస్తే ఎవరైనా అప్రూవ్ చేస్తారు. తీరా ఆ ఫ్లాగ్ కిందికొచ్చేవి లిబ్, బిన్స్, టెస్ట్స్, బెంచెస్, ఎగ్జాంపుల్స్, ఈ ఐదే. డాక్‌టెస్టులు రావు. కార్గో మాన్యువల్‌లో ఈ ఐదింటి జాబితా రాసే ఉంది, కాదనను. కానీ నడుస్తున్న టెస్టులు ఆగిపోతుంటే ఒక్క హెచ్చరికైనా రాకపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. టెస్ట్ ఫెయిలైతే బిల్డ్ ఎర్రబడుతుంది, అసలు నడవకపోతే ఇంకా త్వరగా పచ్చబడుతుంది.

ఆ ఫ్లాగ్ ఉండనిచ్చి, డాక్ ఫ్లాగ్‌తో విడిగా ఇంకో స్టెప్ పెట్టించాం. మొదటి రన్‌లోనే పాడైన ఉదాహరణలు వరసగా బయటపడ్డాయి. కార్గో టెస్ట్ బదులు వాడే నెక్స్‌టెస్ట్ అనే టూల్‌కి మారేవాళ్లు కూడా ఇలా విడిగా పెట్టుకోవాల్సిందే, అది డాక్‌టెస్టులను నడపదు.

పైన సీఐ పట్టేస్తుందన్నాను. ఉదాహరణ మీద ఇగ్నోర్ అని రాసి ఉంటే పట్టదు. నో-రన్ అని ఉంటే కంపైల్ వరకే. క్రేట్‌లో కావాలంటే ఆన్ చేసుకునే భాగాలను ఫీచర్లంటారు; అన్ని ఫీచర్లూ ఆన్ చేసి నడిపితే పాసైన ఉదాహరణ, డిఫాల్ట్ ఫీచర్లతో వాడేవాళ్ల దగ్గర విరగొచ్చు. ఒక డిపెండెన్సీని ఆప్షనల్ చేస్తూ పుల్ రిక్వెస్ట్ వస్తే డిఫాల్ట్ ఫీచర్లతో ఒకసారి, అన్నిటితో ఒకసారి నడిపించాకే ఓకే అంటున్నాను.

వేగం సంగతి: ఒక్కో ఉదాహరణను విడి ప్రోగ్రాంగా కంపైల్ చేయడం వల్ల పెద్ద క్రేట్లలో విసుగొచ్చేది. 2025 ఫిబ్రవరిలో రస్ట్ 1.85తో వచ్చిన 2024 ఎడిషన్‌లో (ఒక్కో క్రేట్ ఎంచుకునే భాషా నియమాల సెట్టే ఎడిషన్) వీలైనవన్నీ ఒకే బైనరీగా కలుపుతున్నారు. ఎడిషన్ మార్చిన క్రేట్లలో తేడా బాగా తెలుస్తోంది. పాత ఎడిషన్‌లో ఉన్నవాటికి ఆ లాభం లేదు, మావి కొన్ని ఇంకా అక్కడే ఉన్నాయి.

మాది చిన్న టీం, మా లైబ్రరీలను వేరే టీంలు వాడతాయి కాబట్టి నాకిది లేకపోతే గడవదు. మీది బైనరీ క్రేట్ (లైబ్రరీ కాకుండా నేరుగా నడిపే ప్రోగ్రాం) అయితే డాక్‌టెస్టులు అసలు నడవవు. ప్రైవేట్ ఫంక్షన్లే ఎక్కువైతే వాటిని ఉదాహరణలోంచి పిలవలేరు, మామూలు యూనిట్ టెస్టులే నయం. లైబ్రరీ అయితే ఇప్పుడే సీఐ లాగ్ తెరిచి ఆ 'డాక్-టెస్ట్స్' లైను ఉందో లేదో చూసుకోండి.