మంచు ఫోటోకి పాత పద్యమా, సొంత కవితా?

లంబసింగిలోనో వంజంగిలోనో తెల్లవారుజామున తీసిన పొగమంచు ఫోటో ఉంది. పక్కన ఏ అక్షరాలు పెట్టాలి?

ఖర్చు: ప్రబంధాల్లోని (పాత పద్యకావ్యాల్లోని) కొండ, అడవి వర్ణనలు ఉచితం. చిక్కంతా ఆధునిక కవులతోనే. మన కాపీరైట్ చట్టం ప్రకారం కవి చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 1980లో పోయిన కవి పంక్తుల్ని ప్రింటు వేసి అమ్మాలంటే 2040 చివరిదాకా హక్కుదారుల అనుమతి కావాలి. సొంత కవితకు ఈ గొడవే లేదు.

శ్రమ: పద్యాన్ని వెతకాలి, కవితను చెక్కాలి. రెండోదే ఎక్కువ టైం తింటుంది.

రిస్కు: సీసపద్యమంటే నాలుగు పొడవాటి పాదాలు, కింద ఎత్తుగీతి అనే చిన్న పద్యం. ఫోటో మీద ఎక్కిస్తే కొండ కనిపించదు. కందపద్యమైతే చిన్నది కాబట్టి సర్దుకుంటుంది. పైగా ప్రబంధాల అడవి నిండా నెమళ్లు, సెలయేళ్లు, పూలు. మీ ఫోటోలో ఉన్నది బూడిద రంగు, ఖాళీ. రెండింటికీ పొసగదు. సొంత కవితకు వేరే గండం: ఫోటోలో ఉన్నదాన్నే మళ్లీ చెప్పడం. మంచు కురిసిందని రాయక్కర్లేదు, కనబడుతూనే ఉంది కదా! ఫ్రేములో పట్టని చలినో, తడి ఆకుల వాసననో రాయండి. (మంచు మీద తెల్ల అక్షరాలు మాత్రం వద్దు, కనిపించవు.)

ఏది ఎక్కడ: వానాకాలపు జలపాతం, చెట్లు కిక్కిరిసిన నల్లమల లోయ అయితే పద్యం. ఒంటరి చెట్టు, సగం మాయమైన దారి అయితే నాలుగు పంక్తుల సొంత కవిత. గోడకు పెద్ద ప్రింటైతే పద్యం కింది అంచులో బాగుంటుంది. ఫోన్‌లో చూసేవాళ్లకు చిన్న కవితే మేలు.