ఇప్పపువ్వు లడ్డూ: రుచి సూపర్, లేబుల్ మీదే నా కంప్లైంట్

ఉట్నూర్ వైపు ఒక మహిళా సంఘం స్టాల్‌లో ఇప్పపువ్వు లడ్డూలు అరకిలో బాక్స్ తీసుకున్నా. ఎండు పువ్వు దోరగా వేయించి పల్లీలు, నువ్వులు, బెల్లం వేసి దంచి చుట్టారు. కొరకగానే ముందు పల్లీ తెలుస్తుంది, తర్వాత మెల్లగా పువ్వు వాసన, కొంచెం ఘాటుగా కొంచెం పులిసినట్టు, కొత్తవాళ్లకి మొదటి లడ్డూ వింతగానే ఉంటుంది, రెండోదానికి అలవాటైపోతుంది. పువ్వులోనే బోలెడు తీపి ఉంటుంది కదా, బెల్లం ఇంకాస్త తగ్గించాల్సింది. ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొచ్చేవాళ్లు ఇది తప్పకుండా తినాలి.

చలి తగ్గాక చెట్టు ఆకు రాల్చేస్తుంది, మార్చి ఏప్రిల్‌లో ఆ మోడు కొమ్మల చివర్లే గుత్తులుగా పూస్తాయి. రాత్రంతా గబ్బిలాలు ఆ పూల మీదే ఉంటాయి, రసం కోసం వచ్చి పుప్పొడి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోస్తాయి. తెల్లవారుజామున పూలు టపటపా రాలతాయి, వాటికోసం ఎలుగుబంట్లు వస్తాయి, దుప్పులు వస్తాయి, వెలుగు రాకముందే బుట్టలు పట్టుకుని మనుషులూ వస్తారు. ఏరుతుండగా ఎలుగు ఎదురుపడి గాయాలపాలైనవాళ్లు ఉన్నారు. కాబట్టి రేటు దగ్గర బేరమాడకండి ప్లీజ్.

నాకు భలే నచ్చే విషయం ఇంకోటుంది, రాలిన పువ్వు ఎంత ఏరుకున్నా చెట్టుకి కాయ తగ్గదు. రాలేది కండగా ఉండే తీపి భాగం మాత్రమే, పిందె కొమ్మకే ఉండిపోతుంది. అది వానలు మొదలయ్యే టైమ్‌కి పండుతుంది, అప్పుడు మళ్లీ గబ్బిలాలే వచ్చి పండు ఎత్తుకెళ్లి గుజ్జు తిని గింజ దూరంగా పడేస్తాయి, చిలకలూ ఉడతలూ కూడా తింటాయి. ఇప్ప గింజ ఎక్కువ కాలం నిలవ ఉండదు, తడి నేల మీద పడి వెంటనే మొలకెత్తాలి, ఆలస్యమైతే పాడైపోతుంది. మరి ఆ గింజ కూడా నూనె కోసం మొత్తం ఏరేస్తే, పువ్వు బాగా కనపడాలని చెట్టు కింద ఆకు తగలబెడితే కొత్త మొక్క ఎక్కడ్నుంచి వస్తుంది? ముసలి చెట్లు పూస్తూనే ఉంటాయి, వాటి కింద పిల్ల మొక్క కనపడదు.

అందుకే లేబుల్ గురించి అడుగుతున్నా. బరువు, ధర, ఏమేం వేశారో అన్నీ రాశారు గానీ పువ్వు ఏ అడవిది, ఏ సీజన్‌ది, నిప్పు పెట్టకుండా ఏరిందేనా అన్నది లేదు. కొన్ని రాష్ట్రాల్లో చెట్టు కింద వలలు కట్టి పువ్వు పడుతున్నారు, మట్టి అంటదు, ఆకు కాల్చే పనీ ఉండదు. ఇక్కడా అలా చేసి ఆ ముక్క డబ్బా మీద రాస్తే బాక్స్‌కి ఇంకో యాభై ఎక్కువైనా సంతోషంగా ఇస్తా. ప్రస్తుతానికి 5 కి 4.

కొనేవాళ్లకి ఒక మాట, తేమ తగిలితే తొందరగా మెత్తబడిపోతాయి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి, వానాకాలంలో అయితే ఫ్రిజ్‌లోనే.