జనవరిలో బేర్ రూట్ మొక్కలు: ఎక్కడ కొనాలి, ఎక్కడ కొనకూడదు

కాలిఫోర్నియాలోని శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఇల్లు కొన్న మనవాళ్ళు చాలామంది మొక్కల కోసం ఏప్రిల్‌లో బయల్దేరతారు. అప్పటికి నర్సరీ అంతా పూలతో కళకళలాడుతుంటుంది, చేతికి ఏది దొరికితే అది బండిలో వేసుకుని వచ్చేస్తారు. పళ్ళ చెట్లూ గులాబీలూ మాత్రం కొనాల్సింది జనవరిలో, ఒక్క ఆకు కూడా లేనప్పుడు. వీటిని ఇక్కడ బేర్ రూట్ అంటారు. చెట్టు ఆకులు రాల్చి నిద్రలో ఉండగా పొలంలోంచి పెకలించి, మట్టి దులిపేసి, వేర్లతో అలాగే అమ్ముతారు. కుండీ లేదు, మట్టి బరువు లేదు కాబట్టి ధర కూడా బాగా తక్కువ. మా వైపు ప్లమ్, పీచ్ లాంటివి 40, 50 డాలర్లకు వస్తాయి, అదే చెట్టు ఎండాకాలం కుండీలో దాదాపు రెట్టింపు పలుకుతుంది.

నేను మూడు రకాల చోట్ల కొన్నాను: మా ఊళ్ళో ఒక పాత నర్సరీ, పెద్ద హార్డ్‌వేర్ స్టోర్, ఆన్‌లైన్. పేర్లు రాయను, ఏ చోట ఏం చూడాలో రాస్తాను, మీ ఊళ్ళో అదే పనికొస్తుంది.

ముందు నర్సరీ. చెక్క తొట్లలో తడి రంపపు పొట్టు నింపి చెట్లను అందులో నిలబెడతారు. నచ్చినదాన్ని చెప్తే అక్కడి మనిషి పైకి లాగి వేర్లు చూపిస్తాడు. ఈ ఒక్క కారణానికే నా మార్కులన్నీ నర్సరీకే. వేర్లు నాలుగు వైపులా చీలి ఉన్నాయా, ఒకవైపే ఉన్నాయా, విరిగిన చోట నల్లబడి మెత్తగా ఉందా, అన్నీ కళ్ళతో చూసి తీసుకోవచ్చు. కాండం లావుగా ఉన్న చెట్టే మంచిదనుకోకండి. బొటనవేలంత లావున్న కాండానికి పుష్కలంగా వేర్లుంటే అదే త్వరగా అందుకుంటుంది. మీ ముందు లాగి చూపించడానికి విసుక్కునే నర్సరీలో కొనకండి, అంతే.

ఇక్కడి నర్సరీల్లో పళ్ళ చెట్ల ట్యాగుల మీద డేవ్ విల్సన్ అనే పేరు ఎక్కువగా కనిపిస్తుంది. మోడెస్టో దగ్గర హిక్‌మన్‌లో ఉన్న హోల్‌సేల్ నర్సరీ అది, మనకు నేరుగా అమ్మదు. ట్యాగు మీద రకం పేరుతో పాటు ఏ మొదలు మీద అంటు కట్టారో కూడా ఉంటుంది, అది తప్పకుండా చదవండి. ప్లమ్, ఆప్రికాట్‌లకు సైటేషన్ అనే మొదలు ఉంటే చెట్టు మరీ ఏపుగా పోదు. అలాగే చిల్ అవర్స్ అంకె చూడండి. చలికాలంలో సుమారు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ చలి ఎన్ని గంటలు కావాలో అది చెప్తుంది. శాంటా రోసా ప్లమ్‌కు 300, బ్లెన్‌హైమ్ ఆప్రికాట్‌కు 400, ఫుయూ అనే రకం పెర్సిమన్ పండు చెట్టుకు 200 దాకా చాలు. బింగ్ చెర్రీకి 700 దాటాలి, సముద్రపు గాలి తగిలే మన పెరళ్ళలో చలి చాలక అది సరిగ్గా కాయకపోవచ్చు. పిల్లలు చెర్రీ అడుగుతున్నారని కొనేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఏది కొనాలో తేల్చుకోలేకపోతే శాంటా రోసా కొనండి. కొత్త మొక్కల రకాలు పుట్టించిన లూథర్ బర్బాంక్ 1906లో శాంటా రోసా ఊళ్ళో ఇచ్చిన రకం, తోడు చెట్టు లేకుండానే కాస్తుంది, పక్కన ఫ్లేవర్ కింగ్ ప్లూవాట్ (ప్లమ్, ఆప్రికాట్ కలిపి పుట్టించిన పండు) లాంటిది వేస్తే దానికీ పుప్పొడి ఇస్తుంది. ఆప్రికాట్ అంటే నాకు బ్లెన్‌హైమే. ఇప్పుడు ఆఫీసులున్న ఈ సిలికాన్ లోయ నిండా ఒకప్పుడు ఈ తోటలే, సన్నీవేల్ కమ్యూనిటీ సెంటర్ పక్కన ఒక తోటను ఊరివాళ్ళు ఇంకా కాపాడుతున్నారు, జూన్ చివర వెళ్ళి రుచి చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

మామిడి, సపోటా, నిమ్మ బేర్ రూట్‌లో దొరుకుతాయా అని నన్ను చాలామంది అడిగారు. దొరకవు. ఏడాదంతా ఆకులుండే చెట్టును ఇలా వేర్లు దులిపి అమ్మితే బతకదు. దానిమ్మ, అంజూరం మాత్రం దొరుకుతాయి. కరివేపాకు సంగతి వేరే, నిమ్మజాతికి తెగులు మోసే పురుగు దాని మీద కూడా బతుకుతుంది కాబట్టి ఇక్కడ దానికి క్వారంటైన్ నిబంధనలున్నాయి, ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చే సాహసం చేయకండి.

పెద్ద స్టోర్లో చెట్ల జోలికి నేను వెళ్ళను, గులాబీల గురించి చెప్తాను. పొడుగాటి ప్లాస్టిక్ సంచిలో, కొమ్మలకు మైనం పూసి, మీద రంగుల బొమ్మతో అమ్ముతారు. చూడ్డానికి చవకే. సంచి విప్పితే గుప్పెడు పొట్టు, అందులో సంచిలో పట్టేలా కత్తిరించిన పొట్టి వేర్లు. స్టోరు లోపలి వెచ్చదనానికి చాలా మొక్కలు అప్పటికే తెల్లగా చిగుర్లు వేసేస్తాయి, ఆ చిగుళ్ళు బయట చలి తగలగానే వాడిపోతాయి. వచ్చిన వారంలోనే కొంటే పర్వాలేదు, ఫిబ్రవరిలో డిస్కౌంట్ పెట్టినప్పుడు మాత్రం వద్దు. గులాబీలకు గ్రేడు ఉంటుంది. గ్రేడ్ 1 అంటే హైబ్రిడ్ టీ రకాల్లో కనీసం మూడు బలమైన కొమ్మలుండాలి. సంచుల్లో ఎక్కువగా అంతకంటే తక్కువ గ్రేడైన 1½, కొన్నిసార్లు ఇంకా తక్కువైన 2 కూడా ఉంటాయి. నర్సరీలో డబుల్ డిలైట్ అనే గులాబీకి గ్రేడ్ 1లో కొంచెం ఎక్కువ పెట్టినా మొదటి మే నెలలోనే తేడా కనిపిస్తుంది. రకం ఎంచుకోవడానికి బొమ్మలు నమ్మకండి, మే నెలలో శాన్ హోసే మున్సిపల్ రోజ్ గార్డెన్‌కు వెళ్ళి వాసన చూసి పేరు రాసుకుని రండి, ప్రవేశం ఉచితం.

ఆన్‌లైన్ అనుభవం మిశ్రమం. ఒకసారి వచ్చిన గులాబీలు తడి కాగితంలో చుట్టి చక్కగా ఉన్నాయి. ఇంకో చోట నుంచి వచ్చిన పీచ్ పెట్టె తెరిచేసరికి వేర్లు చేత్తో నలిపితే విరిగేంత ఎండిపోయి ఉన్నాయి. ఫోటో పంపితే మాట్లాడకుండా డబ్బు వెనక్కిచ్చారు, కానీ అప్పటికి సీజన్ అయిపోయింది. స్థానికంగా దొరకని రకానికే ఆన్‌లైన్ అంటాను.

నాటడం కష్టమేమీ కాదు, కానీ తెచ్చిన రోజే చేయాలి. వేర్లను కొన్ని గంటలు బకెట్ నీళ్ళలో ఉంచండి, రోజు దాటనివ్వొద్దు. ఆ రోజు కుదరకపోతే నీడలో వాలుగా పడుకోబెట్టి వేర్ల మీద తడి మట్టి కప్పండి. గోతిలో ఎరువు, కంపోస్ట్ వేయకండి. మన దగ్గరి బంకమట్టిలో మెత్తటి గోతిలోకి నీళ్ళు చేరి నిలిచిపోతాయి, వేర్లు కుళ్ళుతాయి. తవ్విన మట్టే తిరిగి నింపండి, నీళ్ళు ఇంకని చోటైతే నేల మీద మట్టి దిబ్బ చేసి దాని మీద నాటండి. అంటు ముడి నేల పైనే ఉండాలి. గోఫర్లు (నేలలో బొరియలు తవ్వి వేర్లు కొరికే ఎలుకలాంటివి) తిరిగే పెరడైతే వేర్ల చుట్టూ వైరు బుట్ట పెట్టాల్సిందే. ఒకసారి నిండా నీళ్ళు పోయండి, తరువాత వానలుంటే చిగురేసేదాకా అక్కర్లేదు.

చివరి పనికే అందరికీ చేతులు రావు. నాటిన చెట్టును మోకాలి ఎత్తులో కోసేయాలి. ఆరడుగుల చెట్టు తెచ్చి రెండడుగులు మిగిల్చుకోవడమా అని బాధపడతారు. కోయకపోతే కొమ్మలన్నీ తలకు మించిన ఎత్తులో వస్తాయి, కాయలు పక్షులకు, నిచ్చెన మీకు. కోశాక తెల్ల లేటెక్స్ పెయింట్‌లో సగం నీళ్ళు కలిపి కాండానికి పూయండి, ఎండకు బెరడు పగలదు. ఆప్రికాట్‌ను మాత్రం ఆ తరువాతి ఏళ్ళలో ఇక్కడ వానలు పడే చలికాలంలో కత్తిరించకండి, కోసిన చోట నుంచి శిలీంధ్రం లోపలికి వెళ్తుంది, ఆగస్టులో కోయండి. పీచ్‌కు ఆకుముడత తెగులు ఇక్కడ మామూలే, ఆకులు రాలాక రాగి మందు కొట్టాలి, ఆ బెడద తక్కువ కావాలంటే ఫ్రాస్ట్ అనే రకం అడగండి.

మా అత్తగారిది కడియం దగ్గరి ఊరు, అక్కడ ఏ మొక్కైనా మట్టి ముద్దతో, పచ్చటి ఆకులతో సంచిలో వస్తుంది కదా. నేను పెర్సిమన్ నాటుతుంటే చూసి, "అల్లుడుగారూ, డబ్బులు పోసి ఎండుకట్టె తెచ్చుకున్నారేంటండీ, వేర్లు కూడా బొగ్గులా ఉన్నాయి" అన్నారు. పెర్సిమన్ వేర్లు నల్లగానే ఉంటాయి, అది చావు కాదు, రంగు. గోటితో కాండం గీకి చూపించా, లోపల పచ్చగా ఉంది. ఆవిడకు నమ్మకం కలగలేదు, ప్లమ్, పీచ్ చిగురేసి ఆకులు పరిచేసినా ఇది ఏప్రిల్ దాకా కదల్లేదు మరి. పెర్సిమన్ తీరే అంత, ఓపిక పట్టండి, తొందరపడి పీకేయకండి. ఈ మాట నర్సరీవాళ్ళు ముందే చెప్పి పంపాలి, చెప్పరు. అక్కడొక మార్కు తీసేశా.

ఇంకో మార్కు తీసేసింది బ్లెన్‌హైమ్ విషయంలో. జనవరి మొదటి వారంలోనే అయిపోతాయి, ముందే చెప్పిపెట్టుకున్నవాళ్ళకే దక్కుతాయి, శరదృతువులో ఫోన్ చేసి పేరు రాయించుకోండి. ఫిబ్రవరి చివరికి మిగిలినవి కుండీల్లోకి మార్చి ధర పెంచుతారు. అలాంటి కుండీ మార్చిలో కొంటే పైకి లాగగానే మట్టంతా రాలిపోతుంది, చేతిలో మిగిలేది జనవరి నాటి బేర్ రూట్ చెట్టే, ఎక్కువ ధరకు.