నిద్ర కోసం నడక, సూదులు: రెండున్నరేళ్ల నా అనుభవం

రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. ఇక తెల్లారే దాకా కంటి మీద కునుకు ఉండేది కాదు. నలభై తొమ్మిదో ఏట మొదలైన ఈ బాధ ఏడాదిన్నర పాటు నన్ను పీడించింది. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. పొద్దున లెడ్జర్ తెరిచేసరికి కళ్లలో ఇసుక పోసినట్టుండేది. మాత్ర వేసుకున్న రాత్రి నిద్ర పట్టేది కానీ, మర్నాడు మధ్యాహ్నం దాకా మగతే. డాక్టరు గారితో మాట్లాడి మాత్ర మెల్లగా తగ్గించుకుంటూ నడక, ఒంట్లో సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం రెండూ మొదలుపెట్టాను.

ముందు నడక గురించి చెబుతాను, నాకు ఎక్కువ మేలు చేసింది అదే. మాది చిక్కడపల్లి, ఇందిరా పార్కు దగ్గరే. మొదట్లో ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఎనిమిదిన్నరకు గబగబా నడిచేదాన్ని. ఒళ్లు వేడెక్కి, గుండె దడదడలాడుతూ పదకొండు దాటినా రెప్ప పడేది కాదు. అందరి శరీరం ఒకలా ఉండదు, నాకు మాత్రం రాత్రి నడక పడలేదు. దాన్ని పొద్దున ఆరింటికి మార్చాను. ముప్పావు గంట, ఎండ మొహానికి తగిలేలా. పొద్దుటి వెలుతురు ఒంట్లోని గడియారాన్ని సరిచేస్తుందట. మొదటి మూడు వారాలు ఏ తేడా లేదు, మానేద్దామనుకున్నాను. ఐదో వారంలో ఒక రాత్రి రెండింటికి బదులు నాలుగింటికి మెలకువ వచ్చింది. గడియారం చూసి నిజమా అనుకున్నాను. ఆదివారమైనా సరే ఐదున్నరకే లేవడం, మధ్యాహ్నం కునుకు మానడం కూడా నడకతో పాటే పట్టుకున్నాను. అవి లేకుండా నడక ఒక్కటే ఇంత పని చేసేదని నేననుకోను.

పార్కులో నడక అయ్యాక చెట్టు కింద పది నిమిషాలు బదువాన్‌జిన్ చేస్తాను. చైనా వాళ్ల పాత వ్యాయామం, ఎనిమిది కదలికలు. మొదటిది వేళ్లు కలిపి అరచేతులు ఆకాశం వైపు ఎత్తడం. చివరిది మడమలు ఎత్తి ఏడు సార్లు దబ్‌మని దించడం. అలా దించినప్పుడల్లా వెన్ను మొత్తం కదిలి, భుజాల్లో బిగువు వదులుతుంది. "ఏం చేస్తున్నావమ్మాయ్?" అని అడిగిన ఒక పెద్దావిడ ఇప్పుడు నా పక్కనే నిలబడి చేస్తోంది. హాంకాంగ్‌లో 60 దాటిన 320 మందితో చేసిన పరీక్ష ఒకటి 2021లో వచ్చింది. అందులో తాయ్ చీ (ఇదీ ఇలాంటి నెమ్మది కదలికల చైనా వ్యాయామమే) చేసినవాళ్లకూ, మామూలు వ్యాయామం చేసినవాళ్లకూ నిద్ర మెరుగుపడింది. కాబట్టి మీకు ఏది ఇష్టమైతే అది చేయండి, రోజూ చేయండి.

ఇక సూదులు. ఆక్యుపంక్చర్ డాక్టరు గారు ముందు నాలుక చూపించమన్నారు, రెండు చేతుల నాడీ మూడేసి వేళ్లతో పట్టి చూశారు. "రెండింటికి లేస్తున్నారా? కోపం తొందరగా వస్తుందా అమ్మా?" అని అడిగారు. చైనా వైద్యం లెక్కలో రాత్రి ఒంటి గంట నుంచి మూడు దాకా కాలేయం వేళట, కోపం కూడా దానిదేనట. ఆ లెక్కను నేను నమ్మానని చెప్పలేను. కానీ ఆఫీసులో మింగేసిన కోపం గురించి నన్నడిగిన మొదటి మనిషి ఆయనే. చెప్తుంటే ఏడుపొచ్చింది.

సూది వెంట్రుకంత సన్నం. సన్నటి గొట్టం ఆనించి పైన టక్‌మని తడతారు, చీమ కుట్టినట్టుంటుంది. కాసేపటికి ఆ చోట బరువుగా, లాగినట్టుగా అనిపిస్తుంది. కనుబొమల మధ్య, మణికట్టు మడత మీద చిటికెన వేలి వైపు, కాలి లోపలి వైపు చీలమండ ఎముకకు నాలుగు వేళ్లు పైన పెట్టారు. అరగంట అలా పడుకుంటే చాలాసార్లు అక్కడే కునుకు పట్టేది. వారానికి రెండు చొప్పున పన్నెండు సిట్టింగులు, ఒక్కోదానికి ఆరు వందలు. నా అంచనాలో సూదులు నిద్రను తెచ్చిపెట్టలేదు, పడుకోబోయే ముందు ఉండే టెన్షన్‌ను తగ్గించాయి. అది తక్కువ సంగతి కాదు. ప్రతిసారీ కొత్త సూదుల ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలి, ఆ ఒక్కటీ గట్టిగా అడగండి.

మందుల విషయంలో మాత్రం దెబ్బతిన్నాను. పుల్ల రేగు గింజల కషాయం చైనాలో నిద్రకు పద్దెనిమిది వందల ఏళ్లకు పైబడిన మందు. ఆ పేరుతో అమ్ముతున్న పొడి ఒకటి ఎవరినీ అడక్కుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఆ మందులో అతిమధురం కూడా ఉంటుంది. అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నేను బీపీ మాత్ర వేసుకునే మనిషిని. నెల తిరిగేసరికి కాళ్లు వాచాయి, బీపీ నూట అరవై దాటింది. ప్యాకెట్ మీద ఏది ఎంత ఉందో రాసే లేదు. డాక్టరు గారు వెంటనే ఆపించారు. మీరు ఏ మాత్రలు వాడుతున్నా ఇలాంటి పొడులు మీ డాక్టరుకు చూపించకుండా నోట్లో పెట్టుకోవద్దని బతిమాలుతున్నాను. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు, థైరాయిడ్ ఉన్నవాళ్లు ముందు పరీక్షలు చేయించుకోండి. ఆ నిద్రలేమికి కారణం వేరే ఉండొచ్చు.

ఇప్పుడు సూదులకు రెండు నెలలకోసారి వెళ్తున్నాను. రాత్రి ఐదున్నర, ఆరు గంటలు పడుకుంటున్నాను. మార్చి నెలాఖరులో, ఖాతాలు ముగించే వారంలో మళ్లీ రెండింటికే లేచాను. ఇదివరకులా పక్క మీద దొర్లలేదు, హాల్లోకి వచ్చి లైటు వేయకుండా కూర్చుని, మణికట్టు మడత దగ్గర బొటనవేలితో నెమ్మదిగా నొక్కుకున్నాను. కళ్లు బరువెక్కాకే లోపలికి వెళ్లాను. అప్పటికి మూడుంబావు. ఐదున్నరకు అలారం మోగింది, బూట్లు వేసుకుని పార్కుకు బయల్దేరాను.